మూడేళ్లకూ ఆరేళ్లకూ నడుమ

చట్టం లెక్కలో మన దేశంలో చదువు ఆరో ఏట మొదలవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం హక్కు ఇచ్చింది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. మూడేళ్లు నిండినవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా పూర్వప్రాథమిక విద్య ఏర్పాటు ‘చేయవచ్చు’ అని 11వ సెక్షన్‌లో ఉంది, చేసి తీరాలని లేదు. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ కూడా ఆరేళ్లలోపు పిల్లల్ని ఆదేశిక సూత్రాల్లోనే ఉంచింది. అంటే హక్కుగా కోర్టుకెళ్లి అడిగే వీలు లేని చోట. 2020 జాతీయ విద్యావిధానం 2030కల్లా అందరికీ నాణ్యమైన శిశు విద్య అందిస్తామంది గానీ, విధానానికి చట్టానికున్న బలం ఉండదు.

డబ్బున్న ఇంట్లో ఈ ఖాళీ తెలియదు. ప్లేస్కూలు, ఎల్‌కేజీ, యూకేజీ వరుసగా నడిచిపోతాయి. మిరపకోతకో పత్తితీతకో పొద్దున ఏడింటికే ఆటో ఎక్కే తల్లికి మాత్రం ఊళ్లో ఉన్న దిక్కు అంగన్‌వాడీ ఒక్కటే. దాని తలుపు తీసేది తొమ్మిదింటికి. ఆ రెండు గంటలూ పిల్లవాడు నాయనమ్మ దగ్గరో, బడికి వెళ్లాల్సిన అక్క చంకలోనో ఉంటాడు. పైగా అంగన్‌వాడీ చదువొక్కదాని కోసమే పెట్టింది కాదు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం) ఒకే గొడుగు కింద ఆరు సేవలు పెట్టింది: అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, రిఫరల్ (అవసరమైతే ఆసుపత్రికి పంపడం), తల్లులకు పోషణ మీద అవగాహన, పూర్వప్రాథమిక విద్య. టీకాలు వేసేది ఆరోగ్య సిబ్బందే అయినా, సెంటర్‌లో ఆరింటి పనీ చూసుకునేది టీచర్ ఒక్కరే, సాయానికి ఒక ఆయా.

కాగితం మీద రోజుకు కనీసం రెండు గంటల చదువు ఉంది. 2023 మే 10న కేంద్రం ప్రారంభించిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ చెప్పేది అదే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ‘ఆధారశిల’ అనే పాఠ్యప్రణాళిక కూడా ఇచ్చారు. ప్రణాళిక బాగుంది. ఆటలోంచి మాట, మాటలోంచి లెక్క రావాలంటుంది.

ఇప్పుడు గదిలోకి వెళ్లి చూద్దాం. ఐదేళ్ల పాప చింతపిక్కల్ని ఐదేసి చొప్పున కుప్పలు పెడుతోంది. మూడో కుప్ప దగ్గర చెయ్యి ఆగింది, ఒకటి తగ్గిందని కనిపెట్టింది. టీచర్ పక్కన కూర్చుని ‘ఇంకెన్ని కావాలమ్మా?’ అని అడగాల్సిన క్షణం అదే. సరిగ్గా అప్పుడే రేషన్ కోసం ఒక బాలింత వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. 2025 జూలై 1 నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. పోషణ్ ట్రాకర్ అనే కేంద్రం యాప్‌లో ముందు ఆధార్‌తో ఈ-కేవైసీ చేయాలి, దానికి ఆధార్‌కు జతచేసిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ ఫోను బెంగళూరులో తాపీపనికి వెళ్లిన భర్త జేబులో ఉంటుంది. ఆయన పరంజా దిగొచ్చి అంకెలు చదివేలోపు గడువు దాటిపోతుంది. అది గట్టెక్కినా నెలనెలా ముఖం సరిపోలాలి. గుమ్మంలో ఎదురెండ, లోపల చీకటి, సిగ్నల్ ఒక్క గీత. ఇలా ఇద్దరు ముగ్గురు వచ్చారంటే ఆ పూట చదువు అయిపోయినట్టే. పాప చింతపిక్కలు డబ్బాలో పోసేసి ఉంటుంది.

దొంగలెక్కలు అరికట్టాలన్న ఉద్దేశం తప్పు కాదు. ఆ తనిఖీ బరువంతా చదువు చెప్పే మనిషి మీద, చదువు చెప్పే వేళలోనే పడటం తప్పు. రేషన్ పంపిణీని నెలకు రెండు మధ్యాహ్నాలకు మార్చవచ్చు. ఓటీపీ రానివాళ్లకు సూపర్‌వైజర్ సంతకంతో ఇచ్చే వెసులుబాటు పెట్టవచ్చు. ఈ రెండింటికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు.

తిండి విషయానికొస్తే, 2013 ఆహార భద్రతా చట్టం మొదట పెట్టిన లెక్క ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజూ 500 కిలోకేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అందాల్సింది. దీనికి 2017లో కట్టిన రేటు తలకు రోజుకు 8 రూపాయలు, కేంద్రం సగం, రాష్ట్రం సగం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, చట్టం చెప్పినదాంట్లో దాదాపు సగం. ఆ గుడ్డే ఆరేడు రూపాయలు పలుకుతుంటే మిగిలిన రూపాయితో పప్పు, నూనె, కూర రావు. రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత డబ్బు కలుపుకుని గుడ్డు పెడుతున్నాయి గనుకే నడుస్తోంది. ఆ మాటకు మన రాష్ట్రాలను మెచ్చుకోవాలి. బిల్లులు ఆలస్యమైన నెలలో మాత్రం కూరగాయలు, గ్యాస్ టీచర్ చేతి డబ్బుతోనే వస్తాయి. ఆ చేతిలో ఉండేదెంత? కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2018 అక్టోబరులో 4,500 దగ్గర ఆగింది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మె మొదలయ్యే నాటికి రాష్ట్రం వాటాతో కలిపి చేతికొచ్చేది 11,500. ఆ సమ్మె 42 రోజులు సాగింది, మధ్యలో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం కూడా ప్రయోగించారు.

తల్లులు ఇవన్నీ చూస్తూనే ఉంటారు. పక్కింటి పిల్ల ఎల్‌కేజీ నోటుబుక్కులో ఏబీసీడీలు రాస్తుంటే, తమ పిల్ల చింతపిక్కలతో ఆడి, గుడ్డు తిని వస్తోంది. మూడేళ్లకు వేళ్లు పెన్సిలు పట్టేంత ముదరవు, పూసలు గుచ్చడం, మట్టి పిసకడం, కాగితం చింపి అతికించడం ఆ పట్టుకు మెట్లు. ఈ సంగతి తల్లికి చెప్పేవాళ్లుండాలి. నెలకోసారి ఈసీసీఈ డే (శిశు సంరక్షణ, విద్యల రోజు) పెట్టేది అందుకే. అక్కడ ఉపన్యాసం వల్ల పని జరగదు. తల్లి కళ్లముందే పాప బొమ్మ చూసి కథ చెప్పి, పిక్కలు లెక్కపెట్టి చూపిస్తే నమ్మకం కుదురుతుంది. అది జరగని చోట అప్పు చేసైనా ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఆ అప్పుకు ప్రభుత్వం సాయం దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల చదువుకు తల్లులకు నగదు ఇచ్చే ‘తల్లికి వందనం’ పథకం వర్తించేది ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకే. పేద పిల్లలకు ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లనే నిబంధన, ప్రీస్కూలు నడిపే బడిలో ఆ ప్రీస్కూలు నుంచే వర్తించాలని చట్టంలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్నీ ఒకటో తరగతి నుంచే అమలు చేస్తున్నారు. కాబట్టి మొదటి మూడేళ్ల ఫీజు కూలి డబ్బుల్లోంచే కట్టాలి. ఒకటో తరగతికి వచ్చేసరికి పిల్ల ప్రైవేటు బడికి అలవాటు పడి ఉంటుంది, నగదు కూడా అక్కడికే వెళ్తుంది. సర్కారు బడిలో పిల్లలు లేరని తర్వాత లెక్కలు తీస్తాం.

2025 జూన్‌లో తల్లికి వందనం కింద 67 లక్షల పైచిలుకు పిల్లలకు తలకు 13 వేల చొప్పున 8,745 కోట్లు ప్రకటించారు. రాష్ట్రంలో సుమారు 55 వేల అంగన్‌వాడీ సెంటర్లున్నాయి. ప్రతి సెంటర్‌లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువుకే అంకితమైన రెండో టీచర్‌ను అదే 11,500 జీతంతో పెట్టినా ఏడాదికి ఒక్కొక్కరికి 1.38 లక్షలు, రాష్ట్రమంతటికీ దాదాపు 760 కోట్లు. నగదు పథకం ఖర్చులో పదో వంతు కూడా కాదు. ఎల్‌కేజీకి కూడా నగదు ఇవ్వమనడం సరికాదు. అలా ఇస్తే ఫీజులు పెరుగుతాయి, సెంటర్లు ఖాళీ అవుతాయి. డబ్బు సెంటర్‌కే రావాలి. తెలంగాణ 2025–26లో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ప్రీప్రైమరీ తెరిచి ఇన్‌స్ట్రక్టర్‌ను, ఆయాను పెట్టడం మొదలుపెట్టింది. మంచిదే. అదే ఊరి అంగన్‌వాడీతో పిల్లల కోసం పోటీ పడకుండా, రెండూ ఒకే ఆవరణలో కలిసి నడిచేలా చూడాలి.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లమైన మనకు పోలిక దూరంలో లేదు. 1965లో పేద కుటుంబాల పిల్లల కోసం మొదలైన హెడ్ స్టార్ట్‌లో మూడేళ్ల పిల్లలు తరగతికి 17 మందికి మించకూడదు, నాలుగైదేళ్లవాళ్లు 20కి మించకూడదు. ప్రతి తరగతిలో టీచర్‌కు తోడు ఇంకొకరు ఉండాలి. భోజనం, ఆరోగ్య పరీక్షలు అక్కడా ఉన్నాయి, అవన్నీ ఆ టీచర్ ఒక్కరి నెత్తిన లేవు. 20 మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి అని మన 2013 జాతీయ విధానంలోనూ రాసుకున్నాం. నిజానికి మన సెంటర్లలో చాలాచోట్ల 20 మంది ఉండరు కూడా. లోటు సంఖ్యలో లేదు, ఆ రెండు గంటలు చాప మీంచి లేవకుండా పిల్లల మధ్య కూర్చునే మనిషి లేకపోవడంలో ఉంది.

ఇక మన విరాళాలు. సొంతూరి సెంటర్‌కు టీవీ కొనిద్దామనే ఆలోచన ముందుగా వస్తుంది. అద్దె గదిలో మీటరు యజమాని పేరు మీద ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలక టీవీ బీరువాలోకి వెళ్తుంది. ఏదైనా ఇచ్చేముందు మూడు సంగతులు కనుక్కోవాలి: ఆయా పోస్టు భర్తీ అయిందా, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు రోజూ ఎందరొస్తున్నారు, గదిలో బియ్యం బస్తాలు పోగా పిల్లలు కూర్చునే చోటెంత. బస్తాలకు ఒక ఇనుప అరల రాక్ కొనిస్తే సగం గది పిల్లలకు తిరిగొస్తుంది. చెక్క దిమ్మెలు, పెద్ద పూసలు, ఇసుక తొట్టి, చిరిగినా మార్చుకోగలిగినన్ని తెలుగు బొమ్మల కథల పుస్తకాలు, పిల్లల కళ్ల ఎత్తులో కట్టిన చార్టులు టీవీ కంటే ఎక్కువ కాలం పనికొస్తాయి. మన డబ్బుతో ఒక వలంటీర్‌ను పెట్టడం మాత్రం జాగ్రత్తగా ఆలోచించాల్సిన పని. ఏడాదికి విరాళం ఆగితే, ఆ అక్కకు అలవాటు పడిన నాలుగేళ్ల పిల్ల మళ్లీ గుమ్మం దగ్గర ఏడుపు మొదలుపెడుతుంది.

అమెరికాలో మన తెలుగు సంఘాల మహాసభలకు రెండు రాష్ట్రాల మంత్రులూ, ఎమ్మెల్యేలూ వస్తుంటారు. శాలువా కప్పాక వాళ్లతో మాట్లాడే పది నిమిషాలు దొరుకుతాయి. పెట్టుబడుల మాట తర్వాత రావచ్చు. సెంటర్‌లో రెండో టీచర్ పోస్టును ఏ ఏడాది బడ్జెట్‌లో పెడతారు, రేషన్ పంపిణీని పొద్దుటి చదువు వేళలోంచి ఏ నెల నుంచి తప్పిస్తారు? ఈ రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసిచ్చి, జవాబు కూడా కాగితం మీదే అడుగుదాం.