శుభలేఖకి వైరస్ సోకిందట

పెళ్ళి శుభలేఖ వాట్సాప్‌లో పంపేస్తే పోయేదానికి ఇంత రభస దేనికని మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మా చెల్లికి, అంటే మా బాబాయి కూతురికి, కాబోయే మామగారు బెంగళూరులో ఒక కంపెనీలో మంచి హోదాలో ఉన్నారు. వాట్సాప్‌లో వచ్చే శుభలేఖ దేన్నీ ఆయన ముట్టుకోరు. ఆ భయంలో అర్థం లేకపోలేదు. పెళ్ళి పిలుపు పేరుతో ఏపీకే ఫైళ్ళు (ఫోన్లో యాప్ ఎక్కించేవి) పంపి ఫోన్లలో చొరబడుతున్నారని 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరించారు, ఆ వార్తని మా రెండు కుటుంబాల గ్రూపులో పెట్టింది కూడా ఆయనే. పైగా కార్డు ప్రూఫ్‌ని ఆఫీసు కలర్ ప్రింటర్‌లో పెద్ద సైజులో తీసి, ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించాకే ఓకే చెప్తామన్నారు. అదీ సంగతి, అందుకే ఆయన ఆఫీసు మెయిల్‌కి పంపాల్సి వచ్చింది.

తెనాలిలో బాబాయికి శుభలేఖ చేసిపెట్టిన డీటీపీ కుర్రాడు చాలా మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే. అవతలివాళ్ళ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాలన్నీ ఇంగ్లీషు పిచ్చిరాతల్లా కనపడతాయని ఆలోచించి, కార్డు డిజైన్ చేసిన కోరెల్‌డ్రా ఫైలు, పీడీఎఫ్, వాటితోపాటు ఫాంటు ఇన్‌స్టాల్ చేసే ఈఎక్స్ఈ (నొక్కితే ప్రోగ్రాం నడిచే) ఫైలు కూడా కలిపి జిప్ చేసి ఇచ్చాడు. బాబాయి అటాచ్ చేశాడో లేదో, భద్రతా కారణాల వల్ల ఈ ఫైలు పంపడం కుదరదని వచ్చింది. కుర్రాడు ఫోన్లోనే మందు చెప్పాడు, "అంకుల్, ఆ ఈఎక్స్ఈ పేరు చివర జేపీజీ అని మార్చి మళ్ళీ జిప్ చేసేయండి" అని. పేరు మారిస్తే లోపలి సరుకు మారుతుందా? విండోస్‌లో నడిచే ఏ ఈఎక్స్ఈ ఫైలు తీసినా మొట్టమొదట 'ఎంజెడ్' అనే రెండు అక్షరాలుంటాయి, విండోస్‌కి ముందటి ఎంఎస్-డాస్ రోజుల్లో ఆ ఫార్మాట్ తయారుచేసిన మార్క్ జ్బికోవ్‌స్కీ అనే మైక్రోసాఫ్ట్ ఇంజనీరు పొడి అక్షరాలవి. మెయిల్‌ని తనిఖీ చేసే ఫిల్టరు బయట రాసిన పేరుతో ఊరుకోదు, లోపలి అక్షరాలు చూస్తుంది. మళ్ళీ బ్లాక్. ఇక లాభం లేదని కుర్రాడు బ్రహ్మాస్త్రం తీశాడు: జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టమన్నాడు.

పెట్టాడు. వెళ్ళింది. ఆ మెయిల్ నేను తర్వాత చూశాను. సబ్జెక్టు దగ్గర "అర్జెంటు, వెంటనే తెరువగలరు" అని ఉంది. కింద, "బావగారికి నమస్కారములు. ఫైలు జతపరచడమైనది. పాస్‌వర్డు 1234. ఈ రోజే చూసి తెలియజేయవలెను. ఆలస్యమైనచో ఇబ్బంది."

వైరస్‌లు పంపే ముఠాలు అచ్చం ఇలాగే రాస్తాయి. జిప్‌కి పాస్‌వర్డ్ ఉంటే మధ్యలో స్కానర్ లోపలికి చూడలేదు, అందుకని పాస్‌వర్డ్ పెట్టి, అదేమిటో ఆ మెయిల్లోనే చెప్పి, తెరవమని తొందరపెడతారు. లోకమంతా తిరిగిన ఎమోటెట్ అనే వైరస్ కూడా ఈ ఎత్తు వేసింది. రెవెన్యూ శాఖలో జీవితమంతా నోట్ ఫైళ్ళు రాసి రిటైరైన మా బాబాయి శైలి, పోయిపోయి అంతర్జాతీయ నేరగాళ్ళ శైలితో పొల్లుపోకుండా కలిసింది.

సాయంత్రానికి వియ్యంకుడి గారి నుంచి ఫోన్. "బావగారూ, ఏమీ అనుకోకండి, మీ దగ్గర్నుంచి ఏదో హానికరమైన ఫైలు వచ్చిందని మా ఆఫీసువాళ్ళు పట్టుకున్నారండీ. మీరు గానీ పంపారా?"

పిన్ని ఇది వింది. నాలుగు మూలలా పసుపు పూసుకుని వెళ్ళాల్సిన శుభలేఖ ఎర్రరంగు హెచ్చరిక తగిలించుకుని వెళ్ళిందా అని ఒకటే గోల, ఆ పూటే ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఒరే, వియ్యాలవారికి వైరస్ పంపించానట్రా, ఇక మొహం ఎక్కడ పెట్టుకోను?" వెనకనుంచి డీటీపీ కుర్రాడి గొంతు, వాళ్ళనే యాంటీవైరస్ ఆపేసి తెరవమనండి అంకుల్ అని. ఈ సలహా మీకు ఎవరిచ్చినా వినకండి, ఇచ్చినవాడు ఎంత మంచివాడైనా సరే.

నేను ఈఎక్స్ఈ తీసేయించాను, కోరెల్‌డ్రా ఫైలు తీసేయించాను, జిప్ వద్దన్నాను. ఫాంటు లోపలే ఉంటుంది కాబట్టి పీడీఎఫ్ ఒక్కటీ చాలు. బాబాయి పంపాడు. అదీ ఆగిపోయింది! చూస్తే ఫైలు పేరు 'శుభలేఖ.ఫైనల్.సీడీఆర్.పీడీఎఫ్'. సీడీఆర్ అంటే కోరెల్‌డ్రా ఫైలుకుండే తోక. పేరులో ఇలా రెండు ఎక్స్‌టెన్షన్లు (ఫైలు ఏ రకమో చెప్పే తోకలు) కనపడితే చాలు, కొన్ని మెయిల్ ఫిల్టర్లు అసలు పేరు దాస్తున్నారని అనుమానపడతాయి. 2000 మే నెలలో ప్రపంచాన్ని గడగడలాడించిన ఐలవ్యూ వైరస్ అలాగే వచ్చింది మరి, ముందు టీఎక్స్‌టీ అని మామూలు కాగితంలా చూపించి వెనక వీబీఎస్ అనే ప్రోగ్రాం తోక పెట్టుకుని. పేరు మధ్య చుక్కలన్నీ తీసేయించి మళ్ళీ పంపించాను, కానీ అప్పటికే బాబాయి మెయిల్ అడ్రసుకి పేరు చెడిపోయింది, ఏం పంపినా క్వారంటైనే, అంటే అవతల విడిగా ఆపి ఉంచడమే.

ఇలా కాదని ఆ పీడీఎఫ్‌ని వైరస్‌టోటల్‌లో పెట్టాను. డెబ్బై దాకా యాంటీవైరస్ ఇంజన్ల చేత ఒకేసారి చూపించే సైటు అది. (అక్కడ పెట్టింది మన దగ్గరే ఉండిపోదు, ఆ కంపెనీలకి కూడా అందుతుంది. ఊరంతా పంచే శుభలేఖ కాబట్టి పెట్టాను, ఆధార్ కాపీలు, ఆఫీసు కాగితాలు పెట్టకండి.) అన్నీ బాగుందన్నాయి, ఒక్కటి మాత్రం అనుమానంగా ఉందంది. బాబాయి మొహం వెలిగింది. "ఇంతమందిలో ఒక్కడే అడ్డం చెప్పాడా? మన వంశంలో ఏ సంబంధానికైనా ఇంత ఏకాభిప్రాయం ఎప్పుడన్నా వచ్చిందిట్రా? ఖాయం చేసేయ్."

యాంటీవైరస్‌లు పొరబడటం కొత్తేమీ కాదని కూడా ధైర్యం చెప్పాను. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ అనే యాంటీవైరస్ విండోస్ ఎక్స్‌పీకి చెందిన ఫైలునే వైరస్ అనుకుంటే ఎక్కడెక్కడి కంప్యూటర్లూ ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి. 2012 సెప్టెంబరులో సోఫోస్ అనే ఇంకో యాంటీవైరస్ అయితే తనను అప్‌డేట్ చేసే సొంత ప్రోగ్రాంనే వైరస్ అని పట్టుకుంది. "తననే తానా?" అని బాబాయి ఆ యాంటీవైరస్ మీద జాలిపడ్డాడు.

మిగిలింది ఒక్కటే దారి, అవతల ఆఫీసు ఐటీవాళ్ళు చూసి వదిలిపెట్టాలి. వియ్యంకుడి గారితో వాళ్ళ ఐటీవాళ్ళకి టికెట్ (ఫిర్యాదు) వేయించాం. ఈలోగా ఊరికే కూర్చోవడం దేనికని పిన్ని ఇక్కడే ఒక ప్రింటు తీయించి, కళ్ళజోడు పెట్టుకుని, గణపతి బొమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి చదువుకుంటూ వచ్చి, పెళ్ళికొడుకు తాతగారి పేరు దగ్గర ఆగింది.

"ఏవండీ, పెద్దాయన పేరుకి ముందు ఈ కీ.శే. ఏంటండీ?"

ఎవరిదో పాత కార్డు మీద పేర్లు మార్చి చేశాడు కుర్రాడు. పేర్లన్నీ మార్చాడు, ఆ రెండక్షరాలు మాత్రం అలాగే ఉంచేశాడు. తాతగారికి ఎనభై ఏడేళ్ళు, రోజూ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తారు. డెబ్బై ఇంజన్లు వెతికినా దీన్ని ఒక్కటీ పట్టుకోలేదు.

బాబాయి చేతిలో కాఫీ గ్లాసు వణికింది. "ఒరే, వాళ్ళకి ఫోన్ కొట్టరా. అది వైరసేనని చెప్పు. చాలా పెద్ద వైరస్ అని చెప్పు. చచ్చినా వదలొద్దని చెప్పు!"

నేను నంబరు వెతికేలోపే ఆయన ఫోనే మోగింది.

"బావగారూ, శుభవార్తండీ! మా ఐటీవాళ్ళు ఫైలు వదిలేశారు, ప్రింటు తీసి ఇంటికి పట్టుకొచ్చాను. మా నాన్నగారు తనే గట్టిగా చదివి వినిపిస్తానంటున్నారు, స్పీకర్ పెడుతున్నా, ఉండండి..."