కాలువల మీద బతికినవారి లెక్క ఎక్కడ?

గోదావరి డెల్టాలో అరెకరం చెక్క ఉన్న కుటుంబానికైనా కాగితాల్లో ఒక చరిత్ర ఉంటుంది. సెటిల్మెంటు రిజిస్టరు, అడంగల్, పట్టా, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోని దస్తావేజు వెతికితే ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, పొలం హద్దులు, అన్నదమ్ముల పంపకాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. అదే పొలంలో పండిన ధాన్యాన్ని తరాల తరబడి కాకినాడకు, ఏలూరుకు, బెజవాడకు చేరవేసిన పడవవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ మునిమనవలు 'మా తాత పడవ మీద పనిచేసేవాడట' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నారు. ఏ పడవ, ఎవరి పడవ, ఏ కాలువ అని అడిగితే చెప్పగలిగినవారు అరుదు. తప్పు వాళ్ళ జ్ఞాపకశక్తిది అనలేం. మన దగ్గర రికార్డు మొదటి నుంచీ భూమిని పట్టుకుని నడిచింది. శిస్తు కట్టేవాడి పేరే దానికి కావాలి. నీటి మీద బతికినవాడు దాని కంటికి ఆనలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట అనగానే మనకు సాగునీరే గుర్తొస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం వెనుక కాటన్ దొర ఆలోచనలో సాగుతోపాటు రవాణా కూడా సమానంగా ఉంది. రైలుకన్నా నీటిదారి చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. అందుకే డెల్టాలోని పెద్ద కాలువలను నీరు పారడానికి సరిపెట్టకుండా పడవలు నడవడానికి కూడా వీలుగా తవ్వారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి దాదాపు 500 మైళ్ళ ప్రధాన కాలువలు. కాకినాడలో బయలుదేరిన పడవ ధవళేశ్వరం చేరి, నది దాటి, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాలోకి దిగి, ఏలూరు కాలువ మీదుగా కృష్ణ చేరుకుని, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోగలిగేది. ఇప్పుడు జాతీయ రహదారి చేస్తున్న పనిలో పెద్ద వాటా అప్పట్లో ఆ దారిదే.

ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులకు ఇప్పుడు జనం ఫోటోల కోసం వెళ్తున్నారు. అసలు లాకు అంటే పని చేసే యంత్రం. ఎగువ కాలువ మట్టం ఒకటి, దిగువ మట్టం ఒకటి. మధ్యలో రెండు వైపులా తలుపులున్న గది. కింది నుంచి వచ్చిన పడవ గదిలోకి చేరగానే వెనుక తలుపులు మూస్తారు. ఎగువ నుంచి మెల్లగా నీరు వదులుతారు. బస్తాల బరువుతో అంచుదాకా మునిగిన పడవ ఆ నీటితోపాటు పైకి లేస్తుంది. రెండు మట్టాలు సమానమయ్యాక ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఒక పడవ పట్టే సేపు వెనుక వచ్చినవి గట్టుకు కట్టుకుని కాచుకోవాల్సిందే. ఆ కాపుదలలోనే వంట, ఆ కాపుదలలోనే కబుర్లు, ధరవరల సమాచారం, పెళ్ళిసంబంధాల మాటలు. లాకుల దగ్గర ఊళ్ళు వెలిసింది ఊరికే కాదు.

పడవ నడిపే పని ఎంత కష్టమో చెప్పకపోతే మిగతాదంతా కాగితాల ముచ్చటగా మిగిలిపోతుంది. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. లోతు తక్కువ చోట గెడ. ఎదురుగాలి, ఎదురుపారకం రెండూ ఉంటే ఇద్దరు ముగ్గురు గట్టు మీదికి దిగి, తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి లాగేవారు. ఒకరు పడవలోనే ఉండి చుక్కాని పట్టుకోవాలి, లేకపోతే తాడు లాగిన కొద్దీ పడవ గట్టుకు వచ్చి కొట్టుకుంటుంది. గట్టు మీద తుమ్మముళ్ళు, వర్షాకాలం జారే రేగడి, వంతెన వచ్చినప్పుడల్లా తాడు విప్పి మళ్ళీ కట్టడం. పోయేటప్పుడు ధాన్యం, బియ్యం, బెల్లం, కొబ్బరి. వచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, కలప. సరుకు పడవలతోపాటు మనుషులను చేరవేసే రహదారి పడవలూ ఉండేవి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు రాబడి ఆగిపోయేది, మరమ్మతు ఖర్చు మీద పడేది. చెక్కల సందుల్లో నార కూరి తారు పూసేది ఆ రోజుల్లోనే. అప్పుకు వెళ్ళేదీ అప్పుడే.

ఇంత కదలిక మీద ప్రభుత్వం కన్ను లేకుండా ఎలా ఉంటుంది? ఉంది. 1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలు, బల్లకట్టు రేవుల మీద ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చింది. కాలువలో తిరిగే పడవకు లైసెన్సు, లైసెన్సుకు రుసుము. రేవులు వేలంపాట. ఆ పద్ధతి నడిచినన్నాళ్ళూ ఎంత కాగితం పుట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ ఆ కాగితానికి కావలసింది పడవ, అది మోసే బరువు, దాని యజమాని. తాడు లాగినవాడితో దానికి పనిలేదు. పడవ అద్దెకు తీసుకుని నడిపినవాడి పేరు కూడా అందులో ఉండాలన్న నియమం లేదు. అంటే లైసెన్సు పుస్తకం దొరికినా పడవ కుటుంబాల్లో పైమెట్టు మీద ఉన్న కొద్దిమందే కనబడతారు.

దొరకడం మరో కథ. డెల్టాకు ఒకే నీరు, ఒకే కాలువల వ్యవస్థ. పరిపాలన మాత్రం పదేపదే చీలింది. 1859లో గోదావరి, కృష్ణా జిల్లాలు ఏర్పడ్డాయి. 1904లో పశ్చిమ డెల్టా తాలూకాలు కృష్ణా జిల్లాకు వెళ్ళాయి. 1925లో పశ్చిమ గోదావరి పుట్టింది. 2022 ఏప్రిల్‌లో రెండు గోదావరి జిల్లాలూ మళ్ళీ ముక్కలయ్యాయి. కాకినాడ నుంచి ఏలూరుకు తిరిగిన ఒకే పడవ కాగితం కాకినాడలో ఉండవచ్చు, మచిలీపట్నంలో ఉండవచ్చు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పాత పత్రాల భాండాగారంలో ఉండవచ్చు, ఇంజనీరింగు ఆఫీసు బీరువా అడుగున ఉండవచ్చు. జిల్లా ఆఫీసుల్లో పనిచేసినవారికి ఫైలు మూసేటప్పుడు దాని మీద వేసే ఆర్.డిస్, డి.డిస్, ఎల్.డిస్ గుర్తులంటే తెలుసు. మొదటిది శాశ్వతంగా దాచేది, రెండోది పదేళ్ళకు తగలబెట్టేది, మూడోది ఏడాదికే పోయేది. పడవ లైసెన్సు రెన్యువల్ లాంటి రోజువారీ కాగితం మొదటి వర్గంలోకి చేరడం కష్టం. ఒక గుమాస్తా ఫైలు మీద వేసిన రెండక్షరాలతో ఒక కుటుంబం ఆనవాలు పోయింది.

జనాభా లెక్కల్లో ఉంటారు కదా అనవచ్చు. బ్రిటిష్ కాలపు లెక్కల్లో ఆ రాత్రి పడవల్లో ఉన్నవారిని లెక్కించడానికి ప్రత్యేక ఏర్పాట్లు చేసేవారు. అయితే మన దగ్గర మొత్తాలు అచ్చయ్యాక మనుషుల పేర్లున్న పత్రాలను ఉంచలేదు. ఇంగ్లండులో అలా కాదు, పేర్లతో సహా దాచి వందేళ్ళు దాటాక తెరుస్తారు.

అక్కడి కాలువల మాట కూడా చెప్పాలి. 1795లోనే లోతట్టు జలాల్లో తిరిగే పడవలను నమోదు చేయాలని అక్కడ చట్టం వచ్చింది. 1877 చట్టంతో కుటుంబాలు కాపురముండే కాలువ పడవలన్నిటికీ రిజిస్ట్రేషను తప్పనిసరైంది. గదిలో ఎందరు ఉండవచ్చు, గాలి ఆడుతోందా, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అధికారులు పడవలోకి దిగి చూశారు. ఆ చట్టం వెనుక పడవవాళ్ళ మీద గౌరవమేమీ లేదు. వాళ్ళు మురికిగా, చదువులేకుండా పెరుగుతున్నారన్న చిన్నచూపూ కలిసే ఉంది. అయినా ఆ తనిఖీ పుస్తకాలే ఇవాళ అక్కడి కాలువ కుటుంబాల వారసులకు ఆధారం. పడవ పేరు, యజమాని, నడిపినవాడు, అందులో ఉన్న మనుషుల సంఖ్య పట్టుకుని తాతముత్తాతలను వెతుక్కుంటున్నారు. మన కాలువలు తవ్వించిందీ ఆ దేశపు పాలకులే. తన ఇంట్లో మనుషులను లెక్కించినవాడు ఇక్కడ బస్తాలను లెక్కించాడు. నాకు ఇందులో కనిపించేది వలసపాలన అసలు స్వరూపం. ఆనకట్ట పనిలో వేలమంది కూలీలు రాళ్ళు మోస్తే, వాళ్ళను సమకూర్చిన వీణం వీరన్న పేరు ఒక్కటి మనకు గట్టిగా మిగిలింది. అదీ ఆయన ఓవర్సీరు ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి.

మన డెల్టాలోనే దీనికి మినహాయింపు ఒకటుంది. కాకినాడకు 30 కిలోమీటర్ల దూరంలో గౌతమి ఒడ్డున ఉన్న యానాం. 1954 వరకు అక్కడ ఫ్రెంచి పాలన. ఫ్రెంచివారు జననం, వివాహం, మరణం ఒక్కొక్కదానికీ విడిగా పత్రం రాసేవారు. తండ్రి పేరు, వృత్తి, సాక్షులు అందులో భాగం. ఫ్రెంచి ఇండియాకు చెందిన ఆ రిజిస్టర్లను ఫ్రాన్సులోని భాండాగారం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. కోరంగి, తాళ్ళరేవు, యానాం ఒకే గాలి పీల్చే ఊళ్ళు. ఓడలు కట్టినవారు, ఓడలెక్కి బర్మా వెళ్ళినవారు ఆ చుట్టుపక్కలవారే. సరిహద్దుకు ఇటువైపు పుట్టిన బిడ్డ వివరం ఊరి మునసబు పుస్తకంలో ఒక వరుస, అటువైపు పుట్టిన బిడ్డకు ఒక పత్రం. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు ఊళ్ళలోని పాత పుస్తకాలు చేతులు మారాయి. అన్నీ భద్రంగా చేరాయని ఎవరూ ధీమాగా చెప్పలేరు.

ఆశ వదులుకోవాల్సిన పనిలేదు. ప్రభుత్వం రాయనిది వేరేవాళ్ళు రాసుకున్నారు. ధాన్యం వర్తకుల లెక్క పుస్తకాల్లో, అంటే చిట్టాల్లో, ఆవర్జాల్లో కిరాయి ఎవరి చేతికిచ్చారో ఉంటుంది. సరుకు తడిసిందనో, పడవ మీద అప్పు తీర్చలేదనో మున్సిఫ్ (సివిల్) కోర్టుల్లో దావాలు పడ్డాయి. దావాలో ప్రతివాది తండ్రి పేరు, ఊరు తప్పవు. 1830ల చివరి నుంచి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేసిన మిషనరీల చర్చి పుస్తకాలు ఉన్నాయి. కాశీ, గయ వెళ్ళిన కుటుంబాల వంశవివరాలు అక్కడి పండాల (తీర్థ పురోహితుల) వంశావళి పుస్తకాలైన బహీల్లో ఉన్నాయి. ఇవన్నీ మగవాళ్ళ చుట్టూ తిరిగేవే. భర్త మద్రాసు దారిలో ఉంటే నెలల తరబడి ఇల్లు నెట్టుకొచ్చి, కాలువలు కట్టేసిన రోజుల్లో పుస్తెలు కుదువపెట్టి పడవకు చెక్క కొన్న ఆడవాళ్ళ పేరు ఏ రిజిస్టరూ అడగలేదు. అది చెప్పగలిగింది ఇంట్లోని పెద్దవాళ్ళు ఒక్కరే. లారీలు వచ్చి 1960లు, 70లలో సరుకు పడవలు సన్నగిల్లాయి. అంటే ఆఖరుగా తాడు లాగినవారు ఇప్పుడు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. భాండాగారంలో కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుందేమో, వీళ్ళు ఆగలేరు.

ఎవరికోసం ఇదంతా అని అడిగేవారికి నా జవాబు కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగినప్పుడు అందులో ఎంతమంది ఉన్నారన్న అంకె మొదటి రోజుల్లో మారుతూ పోయింది. ఎక్కినవారి జాబితా సరిగా లేక, తమవాళ్ళు ఆ పడవలో ఉన్నారో లేదో తేల్చుకోవడానికి కుటుంబాలు రాజమహేంద్రవరం ఆసుపత్రి దగ్గర పడిగాపులు కాశాయి. పడవను చూసి మనిషిని చూడని పాత అలవాటు మన చేతుల్లో ఇంకా ఉంది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువ మార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఆ పేరుతో లాకులు తవ్వినా, గట్లు వెడల్పు చేసినా, ముందు ఆయా సెక్షను ఆఫీసుల్లోని పాత రిజిస్టర్లను ఫోటోలు తీయించాలి. అది లక్షల రూపాయల పని, కోట్లది కాదు. రాష్ట్ర భాండాగారం, జలవనరుల శాఖ, రాజమహేంద్రవరంలోని గౌతమి గ్రంథాలయం లాంటి సంస్థలు కలిస్తే ఒక్క వేసవిలో మొదలుపెట్టవచ్చు. 2021లో వచ్చిన లోతట్టు నౌకల చట్టం ఇంజను లేని నాటు పడవలను కూడా స్థానిక సంస్థల దగ్గర నమోదు చేయమంటోంది. ఆ పుస్తకం ఇంకా చాలాచోట్ల తెరవాల్సే ఉంది. తెరిచే పంచాయతీ కార్యదర్శి యజమాని పేరు పక్కన ఇంకో రెండు గడులు గీయాలి. ఒకటి పడవ నడిపేవాడికి, రెండోది అతని ఇంటివాళ్ళకు.