స్పందించడానికి అంత తొందరేమిటి?

కళాత్మక ఫొటోల ప్రదర్శనకు వచ్చేవారు తమకు కలిగిన అనుభూతిని అక్కడికక్కడే, కనీసం బయటికి వెళ్ళి ఒక టీ తాగి ఆలోచించుకునేంత వ్యవధి కూడా తీసుకోకుండా, పైకి చెప్పేస్తున్నారు. ఈ దురలవాటును అరికట్టడానికి ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పూనుకోకపోవడం విచారకరం. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ జారిన మాట అచ్చులో, అందులోనూ న్యూయార్క్ టైమ్స్‌లో పడితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే కళా విమర్శకుడు హిల్టన్ క్రేమర్ ఉదంతాన్ని ప్రతి ప్రేక్షకుడూ చదివి తీరాలి.

1976లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ విలియం ఎగిల్‌స్టన్ తీసిన రంగుల ఫొటోలను ప్రదర్శనకు పెట్టింది. అప్పటికి గోడకెక్కే ఫొటో అంటే నలుపు తెలుపుల్లోనే ఉండాలన్నది పెద్దమనుషుల నమ్మకం. రంగులు సబ్బుల ప్రకటనలకూ, ఇళ్ళల్లో పుట్టినరోజు ఆల్బములకూ చెందినవి. ఎగిల్‌స్టన్ కెమెరా చూసినవేమో అమెరికా దక్షిణాదిలోని మెంఫిస్ శివారులో ఆగి ఉన్న పిల్లల మూడు చక్రాల సైకిలు, మంచం కింద వదిలేసిన బూట్లు, ఇంకా అలాంటివే. ఆ ఫొటోలు పరిపూర్ణమైనవని మ్యూజియం ఫొటోగ్రఫీ విభాగాధిపతి జాన్ జార్కోవ్‌స్కీ రాశాడు. పరిపూర్ణంగా సాదాసీదావి కావచ్చు గానీ పరిపూర్ణంగా విసుగు పుట్టించేవన్నది మాత్రం నిశ్చయమని క్రేమర్ జవాబిచ్చాడు. నలుపు తెలుపు ప్రకృతి చిత్రాలకు పెట్టింది పేరైన ఆన్సెల్ ఆడమ్స్ సైతం ఆ ప్రదర్శన మీద జార్కోవ్‌స్కీకి నిరసనగా ఉత్తరం రాశాడు.

క్రేమర్ చేసిన నేరమేమిటో నిష్పాక్షికంగా పరిశీలిద్దాం. ఆయన ప్రదర్శనకు వెళ్ళాడు, ఫొటోలు చూశాడు, విసుగెత్తింది, విసుగెత్తిందని రాశాడు. వ్యక్తిగత స్పందన అంటే ఇంతకన్నా వ్యక్తిగతంగా, ఇంతకన్నా నిజాయితీగా ఉండడం ఎవరి తరమూ కాదు. దానికి ఫలితంగా ఎగిల్‌స్టన్ మీద ఎవరు వ్యాసం రాసినా, ఇప్పుడు నేను చేసినట్టే, క్రేమర్ను బోనులో నిలబెట్టి మొదలుపెట్టడం ఆచారమైంది. ఆ సైకిలు ఫొటోను కొత్తగా, పెద్దగా ముద్రించిన కాపీ ఒకటి 2012లో క్రిస్టీస్ వేలంలో 5,78,500 డాలర్లకు అమ్ముడుపోయింది. క్రేమర్ ఒక 30 సంవత్సరాలు, అంటే 2006 దాకా, నోరు మూసుకుని ఉన్నట్టయితే తానూ ఆ సైకిలు ముందు నిలబడి, బాల్యం, ఒంటరితనం, అమెరికా దక్షిణాది వంటి మాటలు కలిపి హాయిగా ఒక పేరా రాసుకునేవాడు. (అన్నట్టు, ఆ 2012 వేలానికి అత్యంత గాఢంగా స్పందించినవాడు విమర్శకుడు కాదు, ఒక సేకర్త. తాను కొన్న పరిమిత సంఖ్య ప్రతుల విలువ ఈ కొత్త, పెద్ద ముద్రణల వల్ల పడిపోతుందని ఎగిల్‌స్టన్ మీద దావా వేశాడు. మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేసింది. కళ మనిషిని కదిలించదని ఇక ఎవరనగలరు?)

క్రేమర్ ఒక్కడే అభాగ్యుడు కాడు. రాబర్ట్ ఫ్రాంక్ అమెరికా అంతా తిరిగి తీసిన సుమారు 28,000 ఫొటోల్లోంచి 83 ఏరి కూర్చిన పుస్తకం 1959లో అమెరికాలో వెలువడినప్పుడు, పాపులర్ ఫొటోగ్రఫీ పత్రికలో ఒక సమీక్షకుడు వాటిలో అర్థంలేని మసక, బురద వెలుతురు, తాగి తూలే క్షితిజరేఖలు ఉన్నాయని తప్పుబట్టాడు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. గీతలు నిజంగానే ఒరిగి ఉన్నాయి, మసక నిజంగానే ఉంది. సరిగ్గా 50 సంవత్సరాల తర్వాత, 2009లో, వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆ 83 ఫొటోలనూ సకల మర్యాదలతో గోడకెక్కించినప్పుడు, ఆ ఒరిగిన గీతల ముందు జనం తలలు కొద్దిగా వంచి నిలబడ్డారు. డయాన్ ఆర్బస్ విషయంలో కాలం కొంత దయతలచింది. 1965లో ఆమె ఫొటోలు కొన్ని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ గోడ మీద ఉన్న రోజుల్లో, సందర్శకులు వాటి మీద వేసిన ఉమ్మి తుడవడానికి పొద్దున్నే రావలసి వచ్చేదని అక్కడి ఉద్యోగి ఒకరు తర్వాత గుర్తుచేసుకున్నారు. అదే మ్యూజియంలో 1972లో, ఆమె చనిపోయిన మరుసటి ఏడాది, అవే తరహా ఫొటోల కోసం జనం బారులు తీరారు. ఉమ్మి నుంచి బారుకు ఏడేళ్ళు పట్టింది.

ఏడుకూ యాభైకీ సగటు ఇరవై ఎనిమిదిన్నర. కళ పట్ల గౌరవంతో దాన్ని 30 చేసి, ఏ ఫొటోకైనా 30 సంవత్సరాలు నిండనిదే ఎవరూ స్పందించరాదని చట్టం చేయాలన్నది నా ప్రతిపాదన. ఆలస్యం అమృతం విషం అనే సామెతతో దీన్ని ఖండించాలని చూసేవారికి గ్యారీ వినోగ్రాండ్ జీవితమే జవాబు. వీధుల్లో తిరిగి లెక్కలేనన్ని ఫొటోలు తీసిన ఆ మహానుభావుడు, తీసినప్పటి భావావేశం చల్లారితే గానీ తన ఫొటో మంచిచెడ్డలు తనకు తెలియవన్న ఉద్దేశంతో, ఫిల్మును ఏడాదికి పైగా రసాయనాల్లో కడిగి బొమ్మ తేల్చకుండా పక్కన పెట్టేవాడు. ఈ నిగ్రహం ముదిరి ముదిరి, 1984లో ఆయన పోయేనాటికి కడగని ఫిల్ము చుట్టలు సుమారు 2,500 మిగిలాయి. తన ఫొటోలకు తాను స్పందించకుండానే కన్నుమూసిన ఆదర్శ ప్రేక్షకుడు ఆయన. ఆ చుట్టలను కడిగించి 1988లో ప్రదర్శన ఏర్పాటు చేసినది ఎవరో కాదు, 1976 నాటి మన జార్కోవ్‌స్కీయే. ఎగిల్‌స్టన్ దగ్గర క్రేమర్ను ఓడించిన ఆయనే ఇక్కడ తొందరపడి, వినోగ్రాండ్ చివరి ఫొటోల మీద పెదవి విరిచాడు. పాతికేళ్ళ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో మ్యూజియంలో మొదలైన ప్రదర్శన ఆ చివరి ఫొటోలనే మళ్ళీ వెలికితీసి, వాటిని ఇంకోసారి చూడవలసి ఉందని తేల్చింది. విజేతకే ఈ గతి పట్టినప్పుడు ఆదివారం పూట పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే సామాన్యుడి సంగతి చెప్పేదేముంది?

30 సంవత్సరాలు ఆగలేనివారికి ఒక దగ్గరి దారి లేకపోలేదు, అది వేలంపాట. ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో తయారుచేసిన రైన్ నది ఫొటోలో పైన బూడిదరంగు ఆకాశం, కింద పచ్చిక, మధ్యలో నీళ్ళు, మళ్ళీ పచ్చిక, దారి తప్ప మరేమీ లేవు. అవతలి ఒడ్డున అడ్డొచ్చిన కట్టడాన్నీ, దారిన పోయేవారినీ ఆయన కంప్యూటర్ సాయంతో చెరిపేశాడు. గోదావరి డెల్టాలో పెరిగినవారెవరైనా దాన్ని చూడగానే ఇది మా కాలువ గట్టులా ఉందని అనేస్తారు. 2011లో అది 43 లక్షల డాలర్లకు, అంటే అప్పటి లెక్కలో 20 కోట్ల రూపాయల పైమాటకు, అమ్ముడైందని చెప్పి చూడండి. వెంటనే మౌనం ఆవరిస్తుంది, తర్వాత చూపు దూరానికి వెళుతుంది, ఆపైన శూన్యత అనే మాట వినబడుతుంది. 30 సంవత్సరాల సాధన వల్ల పండవలసిన అనుభూతి వేలం సుత్తి ఒక్క దెబ్బకు పండుతుంది.

అయితే ఈ సిద్ధాంతానికి లొంగని మొండివాడు ఒకడున్నాడు. ఫ్రెంచ్ రచయిత రోలాఁ బార్త్ 1980లో ఫొటోగ్రఫీ మీద రాసిన పుస్తకంలో, మ్యూజియం ఏమంటుందో, ధర ఎంతో అడగకుండా, తనకు ఏ ఫొటోలో ఏది ములుకులా గుచ్చుకుందో మాత్రమే చెబుతానని కూర్చున్నాడు. జేమ్స్ వాన్‌డర్ జీ 1926లో తీసిన ఒక నల్లజాతి కుటుంబం ఫొటోలో మొదట ఒక స్త్రీ బూట్ల పట్టీ గుచ్చుకుందన్నాడు. ఫొటోను పక్కన పెట్టేసి ఆలోచించాక, కాదు, అసలు గుచ్చుకున్నది ఆమె మెడలోని గొలుసనీ, అది తన మేనత్త పెట్టుకున్న సన్నని బంగారు గొలుసులాంటిదనీ సవరించుకున్నాడు. ఫొటోలో ఉన్నది ముత్యాల దండ! ఫొటోను బాగా చూడాలంటే కళ్ళు మూసుకోవడం మేలని చెప్పిన మనిషి కళ్ళ వెనక ముత్యాలు బంగారమైపోయాయి. అంతటితో ఆగాడా? తనను అన్నిటికన్నా కదిలించినది చనిపోయిన తల్లి ఐదేళ్ళ వయసు ఫొటో అని పేజీలకు పేజీలు రాసి, తీరా ఆ ఫొటోను పుస్తకంలో వేయలేదు. వేస్తే పాఠకులకు అది మామూలు పాత ఫొటో మాత్రమే అవుతుందట. ధర లేదు, గోడ లేదు, ఫొటోగ్రాఫర్ పేరు లేదు, ఫొటో కూడా లేదు. ఉన్నది స్పందన ఒక్కటే. ఇలాంటివాటిని అనుమతిస్తే రేపు ప్రతివాడూ తన తల్లి ఫొటో తీసుకుని బయలుదేరతాడు. నా చట్టంలో బార్త్ కోసం విడిగా ఒక నిషేధం పెట్టదలచాను.

అమలు మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీతో మొదలుపెట్టవచ్చు. ఫొటో ప్రదర్శన జరిగే రోజుల్లో ద్వారం దగ్గర అభిప్రాయాల పుస్తకం ఉంచినా దానికి తాళం వేయాలి. ‘ఇందులో ఏముంది, మా ఫోన్‌తో నేనూ తీస్తాను’ అనేవారినీ, ‘అద్భుతం’ అనేవారినీ సమానంగా మందలించి, పేరు, చిరునామా రాయించుకుని, గడువు తీరాక కబురంపుతామని పంపించాలి. చిక్కల్లా 60 దాటిన ప్రేక్షకులతోనే. గడువు దాకా ఆగమని వారిని నిర్బంధించడం న్యాయం కాదు, అలాగని మినహాయింపు ఇస్తే అందరూ తాతయ్యలను ముందుకు తోసి వారి నోట తమ మాట పలికిస్తారు. అందువల్ల అటువంటివారు తమ అభిప్రాయాన్ని వీలునామాలో రాసి, సాక్షి సంతకాలతో రిజిస్టర్ చేయించుకోవచ్చని, వారసులు దాన్ని గడువు నాటి మార్కెట్ ధరకు అనుగుణంగా సవరించుకునే హక్కు కలిగి ఉంటారని ఒక నిబంధన చేరుస్తున్నాను.