ట్రాన్స్‌ప్లాంట్ అయిపోయాక నెఫ్రాలజిస్టుని అడిగేవాళ్లేరీ?

కిడ్నీ మార్పిడి విజయవంతమైన ప్రతిసారీ పేపర్లో ఫొటో సర్జన్‌దే. పడాల్సిందే, కాదనను. కానీ ఆ కిడ్నీ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఎక్కువగా తేలేది నెఫ్రాలజీ ఓపీలో, అంటే కిడ్నీ డాక్టరు దగ్గర.

ఆపరేషన్‌కి ముందు టీమ్ బాగానే కదులుతుంది. అవయవదానాల్ని చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ నుంచి అర్ధరాత్రి పిలుపొచ్చినా క్రాస్‌మ్యాచ్ (దాత కిడ్నీ ఈ ఒంటికి సరిపడుతుందా అన్న రక్తపరీక్ష) చూస్తారు, జ్వరం ఉందేమో చూస్తారు, పొటాషియం ఎక్కువుంటే ముందు డయాలసిస్ చేస్తారు. డిశ్చార్జి అయ్యాకే అసలు గొడవ. ఎవరి దారి వారిది.

కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందు టాక్రోలిమస్ సంగతే తీసుకోండి. రక్తంలో దాని మోతాదు (లెవెల్) ఎంతుందో పరీక్షిస్తుండాలి. రాత్రి 8కి మాత్ర వేసుకున్నవాళ్లు పొద్దున 8కి, ఆ పూట మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఈ మాట ల్యాబ్‌లో చెప్పేవాళ్లుండరు. మాత్ర మింగి వెళ్తే రిపోర్టులో లెవెల్ ఎక్కువ కనబడుతుంది. అది చూసి ఎవరో డోసు తగ్గిస్తారు. తర్వాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగితే, రిజెక్షనేమోనని, అంటే ఒళ్లు కిడ్నీని తిప్పికొడుతోందేమోనని బయాప్సీకి పరుగు. మెడికల్ షాపువాడు 'అదే మందు, వేరే కంపెనీ' అని చేతిలో పెట్టినా అంతే, లెవెల్ మళ్లీ చూసుకోవాల్సిందే.

ఇక వేరే డాక్టర్ల చీటీలు. దగ్గుకి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. కొద్దిరోజుల్లోనే టాక్రోలిమస్ ఎగబాకుతుంది, చేతులు వణుకుతాయి, కిడ్నీ దెబ్బతింటుంది. ఫంగస్‌కి ఫ్లుకొనజోల్ రాసినా ఇదే కథ. టీబీకి రిఫాంపిసిన్ ఇస్తే ఉల్టా. లెవెల్ పాతాళానికి పడిపోతుంది, డోసు కొన్ని రెట్లు పెంచినా ఒక్కోసారి చాలదు. అందుకే నెఫ్రాలజిస్టులు చాలామంది రిఫాబ్యూటిన్ వైపో, రిఫాంపిసిన్ లేని కోర్సు వైపో చూస్తారు. విరేచనాలైతే మందు ఒంటికి పట్టదేమో అనుకుంటాం. నిజానికి టాక్రోలిమస్ లెవెల్ పెరగొచ్చు! (పంపరపనస తిన్నా పెరుగుతుంది, ఇంట్లో చెట్టుందని తినేయకండి.) మోకాలి నొప్పికి వాడే డైక్లోఫినాక్ కిడ్నీకి చేటని వేరే చెప్పాలా?

ట్రాన్స్‌ప్లాంట్ అయి, పెళ్లయిన అమ్మాయి పిల్లల్ని కనాలనుకుంటే, రిజెక్షన్ రాకుండా వాడే ఇంకో మందు మైకోఫినోలేట్ కడుపులో బిడ్డకి హాని కాబట్టి, కనీసం 6 వారాల ముందే ఆపి అజాథయోప్రిన్‌కి మార్చాలి. గర్భం వచ్చాక గైనకాలజిస్టు ఫోన్ చేసి చెబితే అప్పటికే ఆలస్యం.

వీళ్లెవరూ చెడ్డ డాక్టర్లని కాదు. ట్రాన్స్‌ప్లాంట్ పేషెంటుకి కొత్త మందు రాసేముందు నెఫ్రాలజిస్టుకి ఒక్క ఫోన్ చేయాలన్న పద్ధతే మన దగ్గర లేదు. ఆ పద్ధతి పెట్టాల్సింది ఆసుపత్రి, పేషెంటు కాదు. డిశ్చార్జి కాగితం మీద తెలుగులో, పెద్దక్షరాల్లో ఉండాలి: ఏ మందులు పనికిరావు, లెవెల్ ఏ టైముకి ఇవ్వాలి, ఎవరికి ఫోన్ చేయాలి. రాత్రి 11కి ఆ నంబరు ఎవరెత్తుతారో ఇంటికి బయల్దేరకముందే అడగండి.