ఎనిమిదేళ్ల క్రాష్ ఫార్వర్డ్‌కి నా జవాబు

వారం నుంచి మారతహళ్లిలో మన తెలుగువాళ్ల గ్రూపులన్నిట్లో ఒకటే ఫార్వర్డ్, నిన్న మా బావగారు కూడా పంపారు. షేర్ మార్కెట్ ప్రతి 8 ఏళ్లకోసారి కూలుద్దంట, 1992, 2000, 2008, 2016, 2024 అని లిస్టు, కాబట్టి సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే డబ్బు) ఆపేసి బంగారం కొనుక్కోండి, జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి లెక్క) కోలుకున్నాక, వడ్డీ రేట్లు తగ్గాక మళ్లీ రండి అని.

ముందు ఆ లిస్టు చూద్దాం. 1992లో హర్షద్ మెహతా స్కామ్, 2000లో ఇంటర్నెట్ కంపెనీల డాట్‌కామ్ బుడగ, 2008లో అమెరికా ఇళ్ల లోన్ల గొడవ, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు. 2016 నోట్ల రద్దు ఏడాది, ఏటీఎం క్యూల్లో మనమే నిలబడ్డాం, అయినా నిఫ్టీ, అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ, ఏడాది మొత్తమ్మీద కాస్త లాభంలోనే ఉంది. 2024లో సెప్టెంబర్‌లో 26,277 దాకా వెళ్లి తర్వాత దిగింది, అయినా ఏడాదికి 8 శాతం పైనే లాభం. నిజంగా కూలిన 2020 మాత్రం లిస్టులోనే లేదు! సైకిల్స్ ఉంటాయి, కాదన్ను, కానీ పుష్కరాల్లాగా తేదీ చూసుకుని రావు.

ఇక జీడీపీ. ఇది నాకు తగిలిన దెబ్బ కాబట్టి కాస్త ఎక్కువ రాస్తా. 2020 మార్చిలో మా పీజీ మొత్తం ఖాళీ అయిపోయింది, కింద బజ్జీల బండి కూడా లేదు, భయమేసి రాత్రి పడుకునే ముందు ఫోన్ తీసి సిప్ ఆపేశా. మార్చి 23న నిఫ్టీ 7,610. ఆగస్టు 31న జీడీపీ 23.9 శాతం పడిపోయిందని లెక్క వచ్చింది, చూశారా నేను చెప్పలేదా అని పీజీ ఫ్రెండ్స్ దగ్గర గొప్పలు పోయా, కానీ ఆరోజు నిఫ్టీ 11,387! జీడీపీ మళ్లీ ప్లస్‌లోకి వచ్చిందన్న లెక్క 2021 ఫిబ్రవరి చివర్లో వచ్చింది, అప్పటికి నిఫ్టీ 14,500, అంటే మార్చి 7,610కి దాదాపు డబుల్. జీడీపీ అనేది అయిపోయిన మూడు నెలల లెక్క, అదీ రెండు నెలలు లేటుగా వస్తుంది. మార్కెట్ రాబోయే లాభాల్ని అంచనా కట్టి ముందే కదిలిపోద్ది, అంచనా తప్పొచ్చు, అది వేరే సంగతి.

రేట్లు తగ్గితే మార్కెట్ లేస్తుందన్నదీ అంతే. 2008 అక్టోబర్‌లో 9 శాతం ఉన్న రెపో రేటుని, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీని, ఆర్బీఐ 2009 మార్చికి 5కి తెచ్చింది, ఆ మధ్యలో సెన్సెక్స్ (30 పెద్ద కంపెనీల సూచీ) ఇంకా పడి 8,160కి చేరింది. 2022 మే నుంచి రేట్లు 4 నుంచి 6.5కి పెంచుకుంటూ పోతే నిఫ్టీ మొదట్లో కాస్త పడినా మొత్తమ్మీద పైకే వెళ్లింది.

బంగారం? డాలర్లలో 1980లో తాకిన రేటుని మళ్లీ దాటడానికి 2008 వచ్చింది, దానికీ సైకిల్ ఉంది మరి. నగలు వేరే సంగతి, ఆ జోలికి నేను పోను.

ఇంతకీ బావగారూ, సిప్ ఆపేసిన సంగతి అక్కకి చెప్పారా?