పేరు కొట్టేసే ముందు ఓవర్‌టైమ్ (ఓటీ) లెక్క చూడండి

మా చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. "వాడు చెప్పకుండా మానేశాడు, పేరు కొట్టెయ్." విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. ఎందుకు మానేశాడో ఎవరైనా అడిగారా?

నేను ఒక యూనిట్‌లో హాజరు, జీతాల లెక్కలు చూస్తాను. కిందటి నెల పాలిషింగ్ లైన్ కుర్రాడొకడు సోమవారం రాలేదు, మంగళవారమూ రాలేదు. ఫోన్ ఎత్తడు. లోడింగ్ దగ్గర పడిందని అందరికీ టెన్షన్. నోటీసు పంపమన్నారు, రాశాను. పంపే ముందు ఎందుకో అతని హాజరు మస్టర్ తీసి చూశా. షిఫ్టు అయ్యాక ఆగి చేసిన 18 గంటల ఓటీ బ్యాంకులో పడిన జీతంలో లేదు.

బట్వాడా రోజే నా దగ్గరకొచ్చి అడిగాడు. "వచ్చే నెల్లో కలుపుదాంలే" అన్నది నేనే. మేస్త్రీ కూడా అదే చెప్పి పంపాడట. ఆ మాట గుర్తొచ్చాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బుధవారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లా. "ఏంది అబ్బాయ్, ఫోన్ కూడా ఎత్తవా?" అన్నా. "రెండుసార్లు అడిగా గదన్నా. ఆ డబ్బు నమ్ముకుని చీటీ కడతానని మాటిచ్చా. ఇంకెట్టా అడగాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రాని రోజుకు జీతం లేదనడం సరే. కానీ చేసిన పనికి డబ్బు ఆపడం వేరే సంగతి. ఈ రెండూ కలిపేసి, "ముందు పనిలోకి రా, తర్వాత చూద్దాం" అనడం దౌర్జన్యం. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలని, ఓటీకి రెట్టింపు ఇవ్వాలని వేతనాల కోడ్ అనే కేంద్ర చట్టం చెబుతోంది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. మనిషిని తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. ఒక నాగాకు రెండు రోజుల జీతం కోసే అలవాటు మా దగ్గరా ఉంది. ఒక్క మనిషి విషయంలో అది కుదరదు, రాని రోజులకు మించి కోయకూడదు. పదిమందీ అంతకు మించీ కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా మానేస్తేనే ఎనిమిది రోజుల దాకా కోతకు వీలుంది.

పనిచేసే తమ్ముళ్లకూ ఒక మాట. అలిగి ఇంట్లో కూర్చుంటే మీ కేసే బలహీనపడుతుంది. నోటీసు వస్తే జవాబివ్వండి. ఏ నెల, ఎన్ని గంటలు, ఎంత రావాలో కాగితం మీద రాసివ్వండి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. అయినా పలకకపోతే ఒంగోలులో కార్మిక శాఖ ఆఫీసుంది.

మా కుర్రాడికి ఓటీ డబ్బు శుక్రవారం పడింది, శనివారం పనిలోకొచ్చాడు. రాని ఐదు రోజులకు పది రోజుల జీతం కోయమని చెప్పారు. నేను ఐదే రాశా. ఆ షీటు ఇంకా ఓనర్ టేబుల్ మీదే ఉంది.