క్వాంటమ్ గురించి మాట్లాడేవాళ్లు క్రిస్టల్ గురించి కూడా మాట్లాడాలి

2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ 'మజొరానా 1' అనే క్వాంటమ్ కంప్యూటర్ చిప్ ప్రకటించగానే మన గ్రూపులన్నీ మోగిపోయాయి. అసలైన క్వాంటమ్ కంప్యూటర్‌కి దశాబ్దాలు అక్కర్లేదు, కొన్నేళ్లు చాలని సత్య నాదెళ్ల అన్నారు. మనవాడు అన్న సంతోషం నాకూ ఉంది. కానీ దాంతోపాటు వచ్చిన పరిశోధన పేపర్ వేసిన నేచర్ పత్రికే, ఆ పరికరాల్లో మజొరానా స్థితులు (ఆ చిప్ ఆధారపడే ప్రత్యేకమైన ఎలక్ట్రాన్ స్థితులు) ఉన్నాయనడానికి ఈ ఫలితాలు రుజువు కావని పేపర్‌తో పెట్టిన రివ్యూ ఫైల్లో స్పష్టంగా రాసింది. ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఇదే విషయం మీద నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం 2018లో నేచర్‌లో వేసిన పేపర్‌ని 2021లో వెనక్కి తీసుకున్న సంగతీ ఎవరికీ గుర్తు లేదు.

టోపోలాజికల్ మెటీరియల్స్ (చిన్నచిన్న లోపాలకు చెదరని గుణాలున్న పదార్థాలు) అంటే ఈ ఒక్క చిప్పే అనుకుంటున్నారు, నా బాధ అదీ. 1980లో జర్మన్ శాస్త్రవేత్త వాన్ క్లిట్జింగ్ చూసిన క్వాంటమ్ హాల్ ఎఫెక్ట్‌లో (బాగా చల్లబరిచిన పల్చటి పొరను బలమైన అయస్కాంత క్షేత్రంలో పెట్టి, కరెంటుకి అడ్డంగా వోల్టేజ్ కొలిస్తే కనిపించేది), శాంపిల్‌లో ఎంత మలినం ఉన్నా, ఆకారం ఎలా ఉన్నా, రెసిస్టెన్స్ మాత్రం 25,812.807 ఓమ్‌లను పూర్ణసంఖ్యతో భాగిస్తే వచ్చే విలువ దగ్గరే నిలబడుతుంది. అంత కచ్చితంగా ఎందుకు నిలబడుతుందో 1982లో భౌతిక శాస్త్రవేత్త థౌలెస్ బృందం చెప్పింది: ఆ పూర్ణసంఖ్య టోపాలజీది (సాగదీసినా, వంచినా మారని లక్షణాల గణితం), చిన్నచిన్న లోపాలకు కదలదు. 1990 నుంచి ప్రపంచమంతా ఓమ్‌ని దీంతోనే సరిచూసుకుంటోంది. అంటే ఈ ఫిజిక్స్ ఇప్పటికే పనికొచ్చింది, ఇంకా పనికొస్తోంది.

క్వాంటమ్ హాల్ ఎఫెక్ట్‌కి పెద్ద అయస్కాంతం కావాలి. అది లేకుండానే ఈ ఎఫెక్ట్ సాధ్యమని 2013లో చైనాలో షువే చికున్ బృందం చూపించింది, క్రోమియం కలిపిన బిస్మత్ యాంటిమొనీ టెలురైడ్ పొరల్లో. కానీ 30 మిల్లీకెల్విన్ దగ్గర, అంటే దాదాపు పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర. ఆ ఉష్ణోగ్రత పెంచడం ఇప్పుడు మెటీరియల్ చేసేవాళ్ల చేతుల్లో ఉంది.

మరో టోపోలాజికల్ మెటీరియల్ బిస్మత్ సెలినైడ్ సంగతే తీసుకోండి. లోపల ఇన్సులేటర్, పైన మాత్రం కరెంటు పారే ఉపరితలం. లోపల కరెంటు పారాలంటే ఎలక్ట్రాన్ దాటాల్సిన శక్తి, అంటే బ్యాండ్ గ్యాప్, 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్; గది వేడి ఇచ్చే శక్తికి పదిరెట్ల పైమాటే. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? తీరా క్రిస్టల్ పెంచబోతే కథ మారుతుంది. బిస్మత్, సెలీనియం తూచి, క్వార్ట్‌జ్ గొట్టంలో వాక్యూమ్‌లో సీల్ చేసి, ఫర్నేస్‌లో కరిగించి, రోజుల తరబడి మెల్లగా చల్లార్చాలి. మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే ఆ బ్యాచ్ పోయినట్టే. అంతా సవ్యంగా జరిగితే సెల్లోటేప్ అంటించి లాగినప్పుడు అద్దంలా మెరిసే పొర ఊడొస్తుంది. చూడముచ్చటగా ఉంటుంది. కొలిస్తే మాత్రం లోపలంతా కరెంటు పారుతూనే ఉంటుంది! సెలీనియం త్వరగా ఆవిరైపోయి ఖాళీలు మిగులుతాయి, ఒక్కో ఖాళీ ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఉపరితలం సిగ్నల్ జాతర డప్పుల మధ్య చెవిలో చెప్పిన మాటలా అయిపోతుంది. కంప్యూటర్ల సంగతి తర్వాత, ఈ ఖాళీలు తగ్గించడానికే ఎందరో తమ పీహెచ్‌డీలు ధారపోశారు.

అమరావతి క్వాంటమ్ వ్యాలీకి ఐబీఎం 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ లెక్క చేసే మూల యూనిట్లు) మెషీన్ వస్తుందని 2025లో ప్రకటించారు. మంచిదే, నేను స్వాగతిస్తున్నాను. అందులోవి సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు (చల్లబరిస్తే రెసిస్టెన్స్ లేకుండా పోయే లోహాలతో చేసినవి), టోపోలాజికల్ కాదు. మెషీన్ వస్తే మన పిల్లలు ప్రోగ్రామ్ రాయడం నేర్చుకుంటారు. మరి మెటీరియల్ చేయడం ఎవరు నేర్పుతారు? 2023లో కేంద్రం ఆమోదించిన 6,003.65 కోట్ల జాతీయ క్వాంటమ్ మిషన్‌లో మెటీరియల్స్‌కి ఒక హబ్ పెట్టారు, ఐఐటీ ఢిల్లీలో. అది సరైన ఆలోచన. మన రెండు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్లకూ ఆ పని అందాలి. నేనడిగేది పెద్ద భవనం కాదు. మంచి ఫర్నేస్‌లు, కరెంటు పోయినా ఆగని బ్యాకప్, ఎక్స్-రే మెషీన్, లిక్విడ్ హీలియం, వాటిని నడిపే టెక్నీషియన్‌కి పర్మనెంట్ పోస్టు, స్కాలర్‌కి నెలనెలా టైమ్‌కి పడే ఫెలోషిప్. క్వాంటమ్ వ్యాలీ బడ్జెట్‌లో వీటికి ఎంత కేటాయిస్తున్నారో ప్రభుత్వం బయటపెట్టాలి.